మెతుకును కాచు విత్తు

మెదకు పట్టణమునకు ఆ పేరు ‘మెతుకు’ అను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కాకతీయుల కాలమున కొండమీద వెలసిన కోటకు మెతుకుదుర్గమని పేరు. ఆ కొండ యెక్కి చూచినచో పేరు తగినదే యని తోచును. చెఱువులు, వాని క్రింద వరిమళ్ళు, మళ్ళ గట్లపై తాటిచెట్లు కనుచూపుమేర కనబడును. పట్టణమునకు కొంత దూరమున మంజీరానది పాఱుచున్నది. ఘనపురము వద్ద ఆ నదికి అడ్డముగా 1905వ సంవత్సరమున ఆనకట్ట కట్టబడెను. దానినుండి బయలుదేఱు మహబూబు నహరు, ఫతే నహరు అను రెండు కాలువలు ఈ ప్రాంతపు పొలములకు నీరు అందించుచున్నవి.

ఐనను, మెతుకు పేరు పెట్టుకొన్న ఈ యూరు మెతుకునకు మొగమువాచిన దినములను కూడ ఎఱుగును. ఎత్తయిన గోపురముతో పట్టణమునకు గుఱుతుగా నిలిచిన చర్చి 1914 మొదలు 1924 వఱకు నిర్మింపబడినది. కఱవు వాతబడిన ప్రజలకు పనియు, దానితో అన్నమును దొరకవలెనను సంకల్పముతో ఆ నిర్మాణము సాగెను. నాడు రాళ్ళు మోసిన చేతులు ఒక పూట కూటికొఱకు మోసినవే.

వానలు లేకున్న కఱవు వచ్చునని యెల్లరు నెఱుగుదురు. కాని కాలువ నిండుగ పాఱుచు, చెఱువు అలుగు దుముకుచుండగా కూడ పంట పోవుట కలదు. అది తెగులు వలన కలుగు కఱవు. నీటి కఱవును ఆనకట్ట కొంతవఱకు ఆపగలదు. తెగులు తెచ్చు కఱవును ఆపునది వేఱొకటి కలదు. అది విత్తనములోనే దాగియున్నది.

వానకాలపు పైరునకు నాట్లు ముగిసి, దుబ్బులు గుబురుగా పెరిగి, చేను నిండుపచ్చదనముతో కన్నులకు విందు చేయుచుండును. అట్టి వేళ ఒకనాడు గాలివాన కొట్టి, రెండు మూడు దినములు ముసురు పట్టును. వాన వెలిసిన పిమ్మట గట్టుమీద నడచు రైతునకు ఆకుల కొనలు పసుపువన్నెకు తిరుగుట కనబడును. ఆ పసుపు ఆకు అంచుల వెంబడి అలలవలె క్రిందికి దిగును. ఉదయవేళ ఆకులపై చిన్నచిన్న జిగురుబొట్లు నిలిచియుండును. కొలది దినములలో ఆకు గడ్డివన్నెకు మాఱి యెండిపోవును. మొక్కకు ఆకే వంటయిల్లు. ఆ వంటయిల్లు మూతపడినచో వెన్నులోని గింజలకు పాలుపోయుట లేదు, అవి తాలుగింజలగును. దీనినే బాక్టీరియా ఎండాకు తెగులు అందురు. కంటికి కనబడని యొక సూక్ష్మజీవి దీనికి కారణము. గాలికి ఆకులు రాచుకొని చిరిగిన చోట్లనుండియు, ఆకు అంచులయందున్న సన్నని రంధ్రములనుండియు అది లోనికి ప్రవేశించును. నత్రజని యెరువు మితిమీఱి వేసిన చేలలో మఱింత వేగముగా వ్యాపించును. తెగులు తీవ్రమైనపుడు సగము పంట పోయిన సందర్భములును కలవు. ఒకసారి చేను పట్టిన పిమ్మట దీనిని పూర్తిగా మాన్పగల మందు లేదు.

విచిత్రమేమనగా, ఎండిన చేని ప్రక్కనే, అదే కాలువనీరు త్రాగి, అదే గాలివానకు ఊగిన మఱియొక చేను పచ్చగా నిలిచియుండుట కలదు. ఒక్కొక్కప్పుడు ఒకే చేనిలో నూఱు దుబ్బులు ఎండగా ఒక దుబ్బు మాత్రము చెక్కుచెదరక నిలుచును. చూచినవారు అది అదృష్టమందురు. అది అదృష్టమే యైనచో మఱుసటి యేడు ఆ దుబ్బు గింజలను విత్తినపుడు వానికి ఆ భాగ్యము పట్టవలసిన పని లేదు. అవియును, వాని సంతతియును ఏటేట తెగులునకు తట్టుకొని నిలిచినచో అది అదృష్టము కాదు, వంశగుణము. మొక్క రోగమునుండి తప్పించుకొనుట వేఱు, రోగమును ఎదిరించి నిలుచుట వేఱు. ముందుగా నాటినందున తెగులు కాలమునకు ముందే పండిన చేను తప్పించుకొన్నది. తెగులు మధ్యమున నిలిచి పండినది ఎదిరించినది. ఈ యెదిరించు గుణమునకే నిరోధశక్తి యని పేరు.

నిరోధశక్తి తల్లిదండ్రులనుండి పిల్లలకు వచ్చునా? వచ్చినచో ఏ నియమము ననుసరించి వచ్చును? ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము మంజీరపై ఆనకట్ట కట్టిన 1905వ సంవత్సరముననే ఇంగ్లండు దేశమునుండి వచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోలండ్ బిఫెన్ అను శాస్త్రజ్ఞుడు గోధుమపై పరిశోధనలు చేయుచుండెను. గోధుమకు పసుపుకుంకుమ తెగులని యొకటి కలదు. దానికి సులభముగా లోబడు గోధుమను, దానిని ఎదిరించు గోధుమతో ఆయన సంకరము చేసెను. ఒకదాని పుప్పొడిని వేఱొకదాని పువ్వునందు చేర్చి విత్తనము పుట్టించుటయే సంకరము. ఆ విత్తనములనుండి మొలచిన మొదటి తరపు మొక్కలన్నియు తెగులునకు లోబడెను. నిరోధశక్తి సమూలముగా నశించినట్లు కనబడెను. కాని ఆ మొక్కల గింజలను మరల విత్తగా రెండవ తరమున ప్రతి నాలుగు మొక్కలలో సుమారు ఒకటి చొప్పున తెగులును ఎదిరించి నిలిచెను. మొదటి తరమున అది నశింపలేదు, మఱుగున పడియుండెను.

ఈ లెక్క కొత్తది కాదు. అంతకు నలుబది యేండ్లకు ముందే గ్రెగర్ మెండెల్ అను సన్యాసి తన మఠపు తోటలో బఠాణీ మొక్కలపై ప్రయోగములు చేసి, 1866వ సంవత్సరమున ఆ నియమమును ప్రకటించియుండెను. నాడు దానిని ఎవరును పట్టించుకొనలేదు. 1900వ సంవత్సరమున లోకము దానిని మరల కనుగొనెను. ప్రతి మొక్కకును ప్రతి గుణము విషయమున తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి చొప్పున రెండు జన్యువులు సంక్రమించును. కొన్ని జన్యువులు ఒక్కటి యున్నను తమ గుణమును చూపును. వానిని బహిర్గతములందురు. కొన్ని రెండును కలిసియున్నగాని చూపవు. అవి అంతర్గతములు. బిఫెన్ గోధుమలోని నిరోధశక్తి అంతర్గతము. కనుకనే మొదటి తరమున కనబడక, రెండవ తరమున నాలుగింట ఒక పాలుగా బయటపడెను. మెండెల్ నియమము బఠాణీగింజ రంగునకే కాక, అన్నము పెట్టు పైరుల ఆరోగ్యమునకును వర్తించునని ఈ విధముగా తేటతెల్లమయ్యెను.

ఒక్కొక్క తెగులు విషయమున ఒక్క జన్యువే కాపలాకాయును. మఱికొన్నింట పెక్కు జన్యువులు కొంచెము కొంచెముగా తోడుపడును. ఒక్క జన్యువు ఇచ్చు రక్షణ కోటతలుపువంటిది. అది మూసియున్నంతవఱకు శత్రువు లోనికి రాడు. విఱిగినచో ఊరంతయు వాని పాలగును. పెక్కు జన్యువులు ఇచ్చు రక్షణ ఊరి చుట్టునున్న ముళ్ళకంపవంటిది. శత్రువును పూర్తిగా ఆపలేదు గాని, అడుగడుగున ఆలస్యము చేయును. పైరునకు ఈ రెండును కావలసినవే.

అయినచో ఈ జన్యువులు ఎక్కడనుండి వచ్చును? వానిని ఏ రైతును, ఏ శాస్త్రజ్ఞుడును సృష్టింపలేదు. తరతరములుగా విత్తు విత్తగుచున్నపుడు జన్యువులయందు చిన్నచిన్న మార్పులు తమంత తాముగా కలుగుచుండును. గాలి, తేనెటీగలు పుప్పొడిని మోసి వంశములను కలుపుచుండును. తెగులు వచ్చినపుడు నిలిచినవి నిలుచును, పోయినవి పోవును. ఇది ప్రకృతి చేయు ఏఱివేత. కోతకు ముందు రైతుకుటుంబమువారు చేనంతయు తిరిగి, మంచి వెన్నులను ఏఱి, విత్తనమునకై వేఱుగా కట్టి అటుకపై దాచుదురు. ఇది మనుష్యుడు చేయు ఏఱివేత. ఈ రెండును వేలకొలది యేండ్లు సాగినందున ఒక్కొక్క సీమ నేలకును, నీటికిని, తెగుళ్ళకును తగిన వంగడములు ఏర్పడినవి. ఒకటి తక్కువ నీటితో పండును. ఒకటి చౌడునేలను సహించును. ఒకటి పొట్టిగా పెరిగి గాలికి పడిపోదు. మఱియొకటి తక్కువ పండినను తెగులునకు లొంగదు. ఈ నానావిధత్వమే వ్యవసాయమునకు మూలధనము.

ఈ మూలధనమును దాచు ఒక గొప్ప ఖజానా మెదకు సీమయందే వెలసినది. 1972వ సంవత్సరమున పటాన్‌చెరువు వద్ద మెట్టపైరుల అంతర్జాతీయ పరిశోధనాసంస్థ స్థాపింపబడెను. ఇక్రిశాట్ అనునది దాని పొట్టిపేరు. ఆనాడు పటాన్‌చెరువు మెదకు జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినపుడు సంగారెడ్డి జిల్లాలో చేరినది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యములు ఆ సంస్థ పరిశోధించు పైరులు. అచ్చటి విత్తననిధిలో 144 దేశములనుండి సేకరించిన 1,20,000కు మించిన విత్తనపు మచ్చులు భద్రపఱపబడియున్నవి. దీర్ఘకాలము నిలువయుండవలసిన వానిని గడ్డకట్టు చలికంటె 20 డిగ్రీలు తక్కువ చలిలో ఉంచుదురు. యుద్ధముల వలనను, కఱవుల వలనను తమ పాత విత్తనములను పోగొట్టుకొన్న ఇథియోపియా, కెన్యా, సోమాలియా వంటి దేశములకు వారి విత్తనములనే ఈ నిధి తిరిగి యిచ్చినది.

మచ్చులు దాచినంత మాత్రమున వానియందలి శక్తి తెలియదు. పరీక్షింపవలెను. కందికి ఎండు తెగులు కలదు. దానికి కారణమైన శిలీంధ్రము నేలలో ఏండ్ల తరబడి జీవించును. వేళ్ళద్వారా ప్రవేశించి, నీరు ప్రాకు నాళములను మూసివేయును. నేలలో తేమయున్నను, పూతపూసి కాయకాయు వేళ మొక్క నిలువున ఎండును. ఇట్టి తెగులును ఎదిరించు కందిని కనుగొనుటకు పటాన్‌చెరువు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము చేసిరి. అందఱును తెగులును పొలమునుండి తఱుమజూచుచుండ, వారు కావలెనని తెగులుమడి తయారుచేసిరి. ఎండి చచ్చిన కందికట్టెను ఆ మడిలోనే కలియదున్ని, ఏటేట తెగులును పెంచిరి. దానిలో వేలకొలది మచ్చులను విత్తిరి. నడుమనడుమ తెగులునకు తప్పక లోబడు కందిసాళ్ళను వేసిరి. అవి చచ్చినచో మడిలో తెగులు నిజముగా నున్నదనుటకు సాక్ష్యము. అట్టి మడిలో బ్రతికిన మొక్కలే నిజమైన నిరోధశక్తి గలవి. మహారాష్ట్రపు నాటుకంది నుండి ఈ విధముగా ఏఱిన యొక వంగడము 1980వ దశకమున ‘మారుతి’ యను పేరుతో కర్ణాటక రైతులకు అందెను. ఎండు తెగులునకు భయపడి కందిని మానుకొన్న చోట్ల అది మరల పండెను.

నానావిధత్వము పోయినచో ఏమగునో చరిత్ర పెక్కుమార్లు చూపినది. ఐర్లండు దేశపు బీదలు 19వ శతాబ్దమున ఉరలగడ్డపైననే బ్రతికిరి. గడ్డను కోసి నాటుటచే ఆ దేశమున విస్తారముగా పండు ఆ పైరంతయు ఒకే జాతి, ఒకే రక్తము. 1845వ సంవత్సరమున మాడు తెగులు సోకగా, దానిని ఎదిరింపగల మొక్క యొక్కటియు లేకపోయెను. ఆ కఱవున సుమారు పది లక్షలమంది మరణించిరి. ఇంచుమించు అంతమంది ఇల్లువాకిళ్ళు విడిచి సముద్రములు దాటిపోయిరి. తెగులొక్కటే ఆ ఘోరమునకు కారణము కాదు. పాలకుల నిర్లక్ష్యమును, భూస్వాముల కాఠిన్యమును తోడయ్యెను. కాని తొలి దెబ్బ మాత్రము ఒకే రక్తపు పైరు వలన కలిగినదే.

మన దేశమునను ఇట్టి హెచ్చరిక కలదు. 1965వ సంవత్సరమున మొదటి సంకర సజ్జ విడుదల చేయబడెను. అది నాటుసజ్జకంటె మిక్కిలి యెక్కువగా పండెను. రైతులు ఉత్సాహముతో విత్తిరి. దానికి తల్లి అమెరికానుండి తెచ్చిన యొక సజ్జవంశము. తరువాత వచ్చిన పెక్కు సంకర సజ్జలకును అదియే తల్లి. ఆ తల్లికి వెఱ్ఱికంకి తెగులును ఎదిరించు శక్తి తక్కువ. ఆ తెగులు సోకిన సజ్జకంకి గింజలు పట్టుటకు మాఱుగా పచ్చని ఆకులగుత్తిగా మాఱును. ఎన్ని చేలున్నను తల్లి యొక్కతెయే గనుక బలహీనతయు ఒక్కటియే. 1971వ సంవత్సరమున తెగులు ఉప్పెనవలె వ్యాపించి, ఆ సంకర సజ్జలను దెబ్బతీసెను. పండు శక్తి యున్నను నిలుచు శక్తి లేని విత్తు రైతును నడుమదారిలో విడిచిపోవునని ఆనాడు అందఱకు తెలిసెను.

ఆ పాఠము వృథాగా పోలేదు. హర్యానా రాష్ట్రమున 1990వ సంవత్సరమున విడుదలయైన హెచ్. హెచ్. బి. 67 అను సజ్జ సుమారు 65 దినములకే కోతకు వచ్చును. వాన తక్కువైన ఎడారి అంచు పొలములకు అది పెన్నిధి. కొన్ని యేండ్లకు దానికిని వెఱ్ఱికంకి తెగులు పట్టనారంభించెను. ఈసారి ఉపద్రవము ముదురువఱకు శాస్త్రజ్ఞులు వేచియుండలేదు. పటాన్‌చెరువువారును, హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారును, విదేశీ సహచరులును కలసి దాని తల్లిదండ్రులకు నిరోధశక్తి గల జన్యువులను సంకరము ద్వారా చేర్చిరి. 2005వ సంవత్సరమున మెఱుగుపఱచిన వంగడము విడుదలయ్యెను.

ఇక మెదకు మళ్ళలోని వరిని కాచు కథకు మరల రావలెను. తెలుగునాట సాంబమసూరి బియ్యమును ఎఱుగనివారు అరుదు. బాపట్ల పరిశోధనాకేంద్రమునుండి 1986వ సంవత్సరమున విడుదలయైన ఈ వంగడమునకు బి. పి. టి. 5204 అని సంఖ్య. దాని వంశవృక్షమున కోయంబత్తూరు సన్నవరియు, తైవాను పొట్టివరియు, మలయా దేశపు మసూరియు కలవు. సన్నని గింజ, మెత్తని అన్నము. రైతునకు మంచి ధర, తినువారికి మంచి రుచి. కాని ఎండాకు తెగులు వచ్చినచో మొట్టమొదట తలవంచునది సాంబమసూరియే. రుచిని వదులుకొన్న వ్యాపారము లేదు. తెగులును వదిలించుకొనక పంట లేదు. రైతు నడుమ నలిగెను.

ఈ చిక్కును విప్పు జన్యువు ఆఫ్రికా ఖండమునందలి మాలి దేశపు అడవివరిలో దొరకెను. ఆ వరి తినుటకు పనికిరాదు. గింజలు కొద్ది; పండినంతనే రాలిపోవును. పంటకాలువలో మొలచినచో దానిని కలుపుగా పీకివేయుదురు. కటకమునందలి కేంద్ర వరి పరిశోధనాలయమున 1970వ దశకమున దానిని పరీక్షింపగా, మన దేశపు ఎండాకు తెగులు బాక్టీరియా దేనికిని అది లొంగలేదు. తరువాత ఫిలిప్పైన్సు దేశమునందలి అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థలో గురుదేవ్ ఖుష్ గారును, ఆయన సహచరులును ఆ గుణమును పెక్కు సంకరములచే సాగువరిలోనికి తెచ్చిరి. దానికి పుష్కరకాలము పట్టెను. ఆ జన్యువునకు ఎక్స్ ఏ 21 అని పేరు. 1995వ సంవత్సరమున అమెరికాలో పమేలా రోనాల్డ్ బృందమువారు దానిని వేఱుపఱచి స్వరూపమును తెలిసికొనిరి. అది మొక్క జీవకణపు గోడకడ నిలిచి, బాక్టీరియా గుఱుతును పసిగట్టి, లోపలివారిని మేల్కొలుపు కావలివానివంటిది.

హైదరాబాదునందలి కణజీవశాస్త్ర పరిశోధనాసంస్థయు, రాజేంద్రనగరమునందలి వరి పరిశోధనా డైరెక్టరేటును కలసి ఈ జన్యువును సాంబమసూరిలో చేర్చుటకు పూనుకొనెను. ఒక్క జన్యువును నమ్ముకొన్న కోట యెంత అపాయకరమో వారికి తెలియును. బాక్టీరియాయును జీవియే. దానికిని సంతతి కలదు, మార్పులు కలవు. కోట్లకొలది బాక్టీరియాలలో ఏ యొక్కటి యైనను కావలివానికి చిక్కని వేషము వేయగలిగినచో, మఱుసటి యేటికి దాని సంతానమే చేనంతయు నిండును. కనుక ఎక్స్ ఏ 21తో పాటు, మన ఉపఖండపు పాత వరివంగడములలో కనుగొనబడిన ఎక్స్ ఏ 5, ఎక్స్ ఏ 13 అను మఱి రెండు జన్యువులను కూడ చేర్చిరి. ఈ రెండును అంతర్గతములు. వీని పని వేఱు. బాక్టీరియా మొక్కలోని యంత్రమునే తనకు అనుకూలముగా త్రిప్పుకొని ఆహారము లాగుకొనజూచును. ఈ జన్యువులున్న మొక్కలో దాని తాళపుచెవి ఆ తాళమునకు పట్టదు. ఒక వేషముతో ఒక కావలిని దాటినను, తక్కిన రెండింటిని ఒక్కమాఱే దాటుట దానికి మిక్కిలి కష్టము.

మూడు జన్యువులు గల వరిని సాంబమసూరితో సంకరము చేసి, పుట్టిన మొక్కలను మరల మరల సాంబమసూరితోనే నాలుగు తరములు కలిపిరి. ఇట్లు చేసినకొలది పిల్లమొక్కలలో సాంబమసూరి గుణములు పెరుగుచు, పరాయి గుణములు తఱుగును. కావలసిన మూడు జన్యువులు మాత్రము ప్రతి తరమునందును జాఱిపోకుండ చూచుకొనవలెను. ఎవ్వరి కంటికిని కనబడని ఆ జన్యువుల జాడను, లేత ఆకునుండి తీసిన డి. ఎన్. ఏ. లోని గుఱుతులచే కనిపెట్టిరి. పూర్వము తెగులు వచ్చి మొక్క నిలుచుటయో చచ్చుటయో జరిగిన పిమ్మట గాని తెలియని విషయము నారుదశలోనే తెలిసెను. 2008వ సంవత్సరమున మెఱుగుపఱచిన సాంబమసూరి రైతులకు విడుదల చేయబడెను. గింజ అదే, రుచి అదే. ఎండాకు తెగులునకు మాత్రము లొంగదు. ఐనను వరికి అగ్గితెగులు మొదలైనవి మఱి యెన్నియో కలవు. వానికొఱకు వేఱు జన్యువులను వెదకవలసినదే. ఈ పని ఎన్నటికిని ముగియునది కాదు.

ఇంతకును, ఆ మాలి దేశపు అడవివరిని పనికిరాని గడ్డియని పాఱవైచియుండినచో ఈ కథ నడచెడిది కాదు. రేపటి తెగులు ఏదో నేడు తెలియదు. దానికి విఱుగుడు ఏ విత్తునందున్నదో అదియు తెలియదు. కనుక నేడు నిరుపయోగముగా కనబడు విత్తనమును కూడ కాపాడవలసియున్నది. రష్యా దేశమున నికొలాయ్ వావిలోవ్ అను శాస్త్రజ్ఞుడు ఈ సత్యమును గ్రహించి, దేశదేశములు తిరిగి విత్తనములను ప్రోగుచేసెను. పాలకుల ఆగ్రహమునకు గుఱియై 1943వ సంవత్సరమున ఆయన కారాగారమున మరణించెను. రెండవ ప్రపంచయుద్ధమున శత్రువులు లెనిన్‌గ్రాడు నగరమును ముట్టడించినపుడు, ఆయన సహచరులు ఆ విత్తనపు గదులకు కాపలాకాచిరి. వారిలో కొందఱు చుట్టును ధాన్యపు సంచులున్నను, ఒక్క గింజను ముట్టక ఆకలితో ప్రాణములు విడిచిరి.

విత్తనమును కాపాడుటకు చలిగదులే కావలెనను నియమము లేదు. పూర్వపు మెదకు జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగా 1983వ సంవత్సరమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ వెలసెను. దాని సంఘములలోని స్త్రీలలో పెక్కుమంది దళిత కుటుంబములకు చెందిన చిన్న రైతులు. వారు జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది మొదలగు పాతపంటల విత్తనములను బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచి, ఏటేట విత్తి క్రొత్త చేయుచు వచ్చిరి. విత్తనము లేనివారికి అప్పుగా ఇత్తురు. తీసికొన్నవారు పంట వచ్చిన పిమ్మట తీసికొన్నదానికంటె ఎక్కువగా విత్తనమునే తిరిగి ఇత్తురు. పాతపంటల జాతర పేరిట ఎడ్లబండ్లపై విత్తనములను అలంకరించి ఊరూర త్రిప్పుచు, వాని గుణములను చెప్పుకొనిరి. 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈ స్త్రీసంఘములకు ఈక్వేటర్ బహుమానము నొసగిరి. చలిగదిలోని విత్తు నిద్రించుచున్న విత్తు. ఆనాటి గుణములను ఉన్నవున్నట్లు దాచిపెట్టును. చేలలోని విత్తు మేల్కొనియున్న విత్తు. మాఱుచున్న వానలతోను, మాఱుచున్న తెగుళ్ళతోను తానును మాఱుచుండును. లోకమునకు రెండును అవసరమే.

మెదకు మళ్ళలో మరల వానకాలపు పైరు పెరుగుచుండును. మరల గాలివాన కొట్టును. చేను ఎండినపుడు దుఃఖించుట సహజము. ఎండిన చేనిలో నిలిచిన దుబ్బును చూచి దాని గింజలను వేఱుగా దాచుట వివేకము. అట్టి వివేకము వేల యేండ్లుగా పేరు తెలియని రైతులు చూపినందుననే నేడు శాస్త్రజ్ఞునకు వెదకుటకు విత్తనములు మిగిలినవి. కంచములోని మెతుకు వెనుక ఆనకట్టయు, కాలువయు, కష్టించు చేతులును కలవు. వానితో పాటు, ఎక్కడో ఎవరో పాఱవేయక దాచిన పిడికెడు విత్తనములును కలవు.